చన్నీటి మునక

అవగాహన అనే మాటను మనం ఎంతో తేలికగా వాడుతూ ఉంటాము. ఫలానా విషయంలో ఆయనకు మంచి అవగాహన ఉన్నదంటాము. ప్రజలలో అవగాహన కలిగించాలంటాము. కాని ఆ మాటకు మొదటి అర్థం తెలుసుకోవడం కాదు, మునగడం. నీటిలో దిగి, శిరస్సు కూడా తడిసేటట్లు మునిగి చేసే స్నానానికి అవగాహనమని పేరు. నిఘంటువు తెరిస్తే ఆ అర్థం నేటికీ అక్కడ పదిలంగానే ఉన్నది. స్నానానికి పేరైన మాట కాలక్రమాన జ్ఞానానికి పేరు కావడం వట్టి కాకతాళీయమని నేననుకోను. ఒడ్డున నిలిచి చూచేవానికి నీరు ఒక దృశ్యం. మునిగినవానికి అది దృశ్యం కాదు. ఆ క్షణాన అతనికి వేరే లోకమే లేదు. చన్నీటి స్నానంలో మనిషి మనస్సును అంతగా ఆకర్షించేది ఏమిటి అని ఎవరైనా అడిగితే, ఈ ఒక్క మాటలోనే సగం జవాబు ఉన్నదని చెప్పవచ్చును.

మిగిలిన సగం జవాబు నేలమీద వెదకవలసి ఉన్నది. కృష్ణకు దక్షిణాన, నల్లమలకు తూర్పున, సముద్రందాకా పరచుకొన్న మైదానం మనది. గుంటూరు, ప్రకాశం అన్న రెండు జిల్లాల పేర్లతో చెప్పుకొంటూ వచ్చిన ఈ సీమకు 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల అని మరి రెండు పేర్లు వచ్చినవి. పేర్లు ఎన్నయినా, దీనిలో చాలా భాగం నల్లరేగడి నేల. పత్తి, మిరప దాని ముఖ్యమైన పంటలు. వేసవిలో ఆ నేల నెరియలు విచ్చుతుంది. రేడియోలో వాతావరణ విశేషాలు వినే అలవాటున్న ఇంట్లో రెంటచింతల పేరు వినని పిల్లవాడుండడు. ఆ ఊరు ఎక్కడున్నదో తెలియనివారికి కూడా అక్కడి ఎండ సంగతి తెలుసును.

ఇటువంటి సీమలో నీటియెడల గల భక్తిని శాస్త్రవిధిగా మాత్రమే చూడడం సరికాదు. మిరపకోతలకు వెళ్లి వచ్చిన స్త్రీని అడగండి. జనవరి మొదలు నాలుగు నెలలపాటు కాయ కోయడం, కల్లాలలో ఆరబోయడం, తాలుకాయ ఏరడం. చేతులు మండుతవి. ఆ చేయి పొరబాటున కంటిని తాకితే ఇక చెప్పనక్కరలేదు. మిరపలోని మంట నీటిలో కరిగేది కాదు. దానికి నూనె కావాలి. అయినా ఆమె ముందుగా చేతులు పెట్టేది కుండలోని చన్నీటిలోనే. పెట్టినంతసేపే ఉపశమనం, తీయగానే మళ్లీ మంట. ఆ కొద్దిసేపటి విలువ ఎంతో ఆమెకు తెలుసు. చల్లదనమంటే సుఖమని, వేడి అంటే బాధ అని అనుకొనే భాష మనది. కడుపు చల్లగా ఉండమని దీవిస్తాము, చల్లని తల్లి అని దేవతను పిలుస్తాము. చలిదేశపువారికి ఈ మాటలు ఇంతగా రుచిస్తాయో లేదో సందేహమే.

ఇంతకూ మన చన్నీళ్లు ఎంత చల్లన? లెక్క చూస్తే కొంచెం ఆశ్చర్యం కలుగుతుంది. గుంటూరు ప్రాంతంలో జనవరి వేకువను గాలి 17, 18 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఉంటుంది. అంతకు బాగా దిగువకు పోయే రోజులు అరుదు. లోతైన బావినీరు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిమిలో ఉంటుంది. మన ప్రాంతంలో అది 28 డిగ్రీలకు అటూ ఇటూ. అందువల్లనే వైశాఖపు మిట్టమధ్యాహ్నం చల్లగా తోచిన బావి, పుష్యమాసపు వేకువను పొగలు విడుస్తూ గోరువెచ్చగా తగులుతుంది. బావి మారలేదు, మనమే మారినాము. కార్తికంలో సూర్యలంకకో వాడరేవుకో వెళ్లినవారికి మరొక వింత అనుభవమై ఉంటుంది. తెల్లవారుజామున సముద్రపు నీరు గాలికంటె వెచ్చగా ఉంటుంది; దిగేటప్పుడు కాదు, పైకి వచ్చి తడిబట్టలతో గాలికి నిలిచినప్పుడు చలి పుడుతుంది. నిజంగా చల్లబడేవి చెరువులు, కాలువలు, ఏటి పలుచని పాయలు. గాలికంటె నీరు సుమారు 25 రెట్లు వేగంగా శరీరంలోని వేడిని లాగివేస్తుంది గనుక, 20 డిగ్రీల గాలిలో హాయిగా తిరిగేవాడు 20 డిగ్రీల నీటిలో వణికిపోతాడు. మంచు పగులగొట్టి మునిగే దేశాలవారు మన చలిని చూచి నవ్వవచ్చును. నవ్వనివ్వండి. పోయిన మే నెలలో 45 డిగ్రీల ఎండకు కాగిన శరీరానికి మాఘమాసపు కాలువనీరు చాలినంత చల్లనే.

ఆ నీటిలో దిగినప్పుడు ఏమి జరుగుతుందో కొంచెం నిదానించి చూద్దాము. పాదాలు తడిసేవరకు మనస్సు ఇంటి దగ్గరే ఉంటుంది. పత్తి ధర ఎంత పలికింది, కూలీలు వస్తారా రారా, అప్పు గడువు ఎప్పుడు. మోకాలిదాకా వచ్చేసరికి ఆలోచనలు పలుచబడతవి. నడుము దాటేసరికి ఊపిరి ఒక్కసారిగా లోపలికి పోతుంది. ఎంత ఆపుకొందామన్నా ఆగదు. ఇది భయం వల్ల పుట్టినది కాదు. చర్మానికి హఠాత్తుగా చలి తగిలితే ఊపిరి, గుండె, రక్తపు పోటు మూడూ ఉలిక్కిపడతవి. ఆ ఉలికిపాటు మొదటి నిమిషంలో మిక్కుటంగా ఉండి, రెండు మూడు నిమిషాలలో చల్లారుతుంది. కొన్నాళ్లు వరుసగా మునిగితే దాని తీవ్రత చాలావరకు తగ్గిపోతుందని శరీరశాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పినారు. దీపావళి మరునాటినుంచి అమావాస్యవరకు నెల్లాళ్లు కార్తికస్నానం చేసే ముదుసలి, మొదటి నాలుగు రోజులే చలి అమ్మా, తరువాత ఏమీ ఉండదు అంటే, ఆమె వారి శాస్త్రం చదివి అన్నది కాదు.

ఆ ఉలికిపాటు శమించిన తరువాత వచ్చే స్థితి కోసమే చాలామంది మళ్లీ మళ్లీ నీటిలో దిగుతారని నా అభిప్రాయం. అప్పటిదాకా పది దిక్కులకు పరుగులెత్తిన మనస్సు ఊపిరిమీద వచ్చి వాలుతుంది. జపం చేసి, కన్నులు మూసుకొని, గంటసేపు ప్రయత్నించినా దొరకని ఏకాగ్రత అరనిమిషంలో అప్రయత్నంగా దొరుకుతుంది. మన పూర్వులు దీనిని ఎరుగుదురనడానికి ఒక నిదర్శనం ఉన్నది. ఋగ్వేదం పదవ మండలంలో అఘమర్షణ సూక్తమని మూడే ఋక్కులుగల చిన్న సూక్తం ఒకటి కలదు. సృష్టి ఎట్లా పుట్టినదో చెప్పే సూక్తం అది. దానిని నీటిలో మునిగి, ఊపిరి బిగబట్టి, మనస్సులో ముమ్మారు జపించాలని ధర్మశాస్త్రాలు విధించినవి. ముఖం చల్లని నీటిలో ఉంచి ఊపిరి నిలిపితే గుండె వేగం తగ్గుతుందని నేటి వైద్యులు చెబుతారు. ఇది మనుష్యులకే కాదు, నీటిలో మునిగే జంతువులన్నిటికీ పుట్టుకతో వచ్చిన గుణం. విధించినవారికి గుండె లెక్కలు తెలుసునని నేననను. మునిగి చూచినవారు గనుక ఆ నిశ్శబ్దం వారికి తెలుసు. అంతే.

చన్నీటిలోకి ఒక్కసారిగా దూకడం వేరు, దిగడం వేరు. పెద్దవారు దిగే పద్ధతి ఎప్పుడైనా గమనించినారా? ముందుగా దోసిలితో నీరు తీసి శిరస్సున చల్లుకొంటారు. ఆచమనం చేస్తారు. సంకల్పం చెప్పుకొంటారు. దేశమేదో, కాలమేదో, నది ఏదో, తానెవరో వరుసగా చెప్పుకొనేసరికి రెండు మూడు నిమిషాలు గడుస్తవి. ఈలోగా కాళ్లు నీటికి అలవాటు పడతవి. అప్పుడు మునక. గుండె బలహీనమైనవారికి ఈ నిదానం ప్రాణరక్షణ అని ఈనాటి వైద్యుడు కూడా ఒప్పుకొంటాడు. సంకల్పం రానివారు ఊరక నిలబడినా ఆ ఫలితం కలుగుతుంది.

అయితే చన్నీటిలో మునిగితే పాపాలు పోతాయా? ఈ ప్రశ్న మన నదీతీరంలోనే చాలా పాతది. నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వరకు జరిగిన తవ్వకాలలో ఇక్ష్వాకుల కాలపు రాతి స్నానఘట్టం ఒకటి కృష్ణ ఒడ్డున బయటపడినది. మూడు నాలుగు శతాబ్దులనాటిదైన ఆ ఘట్టాన్ని, లోయ జలాశయంలో మునిగిపోకముందే రాయి రాయీ తీసి, ఇప్పుడు దీవిగా మారిన కొండమీద తిరిగి కట్టినారు. ఆ నగరంలో రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీ మహాచైత్యం నిర్మింపజేసిన బౌద్ధురాలు. ఒకే ఇంట రెండు మతాలు. స్నానం చేసి పుణ్యం సంపాదించాలనే అన్నగారికీ, నీటికి అటువంటి శక్తి లేదని చెప్పే ధర్మాన్ని ఆదరించిన చెల్లెలికీ ఈ విషయంలో ఏమి సంభాషణ జరిగినదో శాసనాలలో లేదు.

బౌద్ధుల వాదన మాత్రం థేరీగాథలో ఉన్నది. పుణ్ణిక అనే దాసి శ్రావస్తిలో ఒక ధనికుని ఇంట నీళ్లు మోసేది. చలికాలంలో కూడా యజమానురాలి దెబ్బలకు వెరచి ఏటిలో దిగక తప్పేది కాదు. ఒకనాడు నీటిలో వణుకుతున్న బ్రాహ్మణుని చూచి, అయ్యా, నేనంటే భయపడి దిగినాను, తమరు ఎవరికి వెరచి దిగినారు అని అడిగినది. పాపప్రక్షాళన కోసమని ఆయన చెప్పినాడు. అట్లయితే కప్పలూ తాబేళ్లూ మొసళ్లూ అందరికంటె ముందు స్వర్గానికి పోవాలి గదా. పాపాన్ని కడిగే ఏరు పుణ్యాన్ని మాత్రం మీకెందుకు మిగిలిస్తుంది అని ఆమె అన్నది. ఇంతకంటె సూటిగా ఈ ప్రశ్నను మరెవ్వరూ అడగలేదు. రోజూ చలిలో నీరు తోడే మనిషి తప్ప ఇంకొకరు అడగలేరు కూడా.

మన ఇళ్లలో చెప్పుకొనే పోలి కథలో కూడా ఒక పనిమనిషివంటి స్త్రీయే ఉన్నది. పోలి చిన్నకోడలు. అత్తగారు తక్కిన కోడళ్లను వెంటబెట్టుకొని ఏటికి కార్తికస్నానానికి పోతూ, దీపానికి కావలసినవి దొరకకుండా దాచి, ఇంటిచాకిరీ అంతా పోలికి అప్పగించి వెళ్లేది. పోలి నూతి దగ్గరనే స్నానం చేసి, పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి దీపం పెట్టి, అత్తగారి కంటబడకుండా బుట్ట మూసేది. విమానం వచ్చినది పోలి కోసమే. మార్గశిర శుద్ధ పాడ్యమినాడు అరటిదొప్పలలో దీపాలు వదిలే స్త్రీలందరికీ ఈ కథ కంఠస్థమే. పత్తి పండే సీమలో ఈ కథకు ఉన్న రుచి వేరు. రాలిన పత్తి ఎవరి సొత్తో, ఎవరు ఏరుకొంటారో మనకు తెలుసును గదా. కొంచెం ఆలోచిస్తే పుణ్ణిక మాట, పోలి కథ ఒకే చోటికి వస్తవి. ఏటికి వెళ్లడంలో గొప్ప లేదు, నీరు ఎక్కడిదైతేనేమి. పెద్దరికం, చిన్నరికం అన్నవి గట్టుమీది లెక్కలు.

గట్టుమీది లెక్కలు ఎంత కఠినమైనవో చెప్పడానికి ఒంగోలు ప్రాంతపు చరిత్ర చాలును. 1876లో, ధాత సంవత్సరంలో మొదలైన మహాకరువు రెండేళ్లు ఈ నేలను దహించినది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువుపనిగా బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడుమైళ్లకు పైబడిన భాగాన్ని పుచ్చుకొని వేలమందికి కూలి ఇప్పించినాడు. కూటికోసం మతం మారినారన్న మాట రాకూడదని కరువు సాయం ముగిసేవరకు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తరువాత 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరంగా, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మం జరిగినది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరు చొప్పున వంతులు వేసుకొని నీటిలో నిలబడినారు. బాప్తిస్మమనే మాటకు మూలమైన గ్రీకు పదానికి ముంచడమనే అర్థమట. మన అవగాహనానికి దూరపు చుట్టమే.

ఆనాడు ఏటిలో మునిగినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావిలో చేద వేసే హక్కు లేనివారు. అటువంటివారికి పట్టపగలు, పదిమంది ఎదుట, ప్రవహించే నీటిలో నిండుగా మునగడమంటే ఏమిటో మనం ఊహించుకోవలసినదే. ఏ వేదాంతి చెప్పే పరమార్థం దానికి ఎంతవరకు సరితూగుతుందో నాకు తెలియదు. ఆ తరువాత నూరేళ్లు గడిచినా గట్టు గట్టుగానే ఉన్నదని చెప్పడానికి, అప్పట్లో అదే జిల్లాలో ఉన్న కారంచేడు పేరు ఒక్కటి చాలును. మంచినీటి చెరువు దగ్గర పుట్టిన వివాదం 1985 జూలై 17న ఆరుగురు దళితుల ప్రాణాలు తీసినది. నీటికి పవిత్రత ఉన్నదని చెప్పేవారు ఈ సంగతిని దాటవేసి మాట్లాడడం న్యాయం కాదు.

చన్నీటియెడల ఆకర్షణ మన ఒక్కరి సొత్తు కాదు. ఫిన్లండు దేశీయులు గడ్డకట్టిన సరస్సులో గొయ్యి తవ్వి మునుగుతారు. రష్యాలో జనవరి 19న యేసుక్రీస్తు బాప్తిస్మ దినాన సిలువ ఆకారంగా మంచును కోసి, ఆ నీటిలో ముమ్మారు మునిగే ఆచారం ఉన్నది. జపానువారు జలపాతం కింద నిలిచి ప్రార్థిస్తారు. వేకువ నమాజుకు ముందు వజూ చేసే మన వినుకొండ ముసల్మాను ముఖానికి తగిలే నీటి చల్లదనం కూడా ఈ కోవలోనిదే. ఇక ఈతను సాహసంగా పట్టినవారు వేరు. 1958 సెప్టెంబరులో మిహిర్ సేన్, మరుసటి ఏడు సెప్టెంబరులో ఆరతీ సాహా ఇంగ్లీషు చానలును ఈదినారు. ఆ ఋతువులో ఆ నీరు 17 డిగ్రీల ప్రాంతాన ఉంటుంది. మన జనవరి వేకువ గాలికి ఉన్న చల్లదనమే అక్కడి నీటికి ఉన్నదన్నమాట. అందులో పదునాలుగు పదహారు గంటలు. గోలి శ్యామల అనే తెలుగు మహిళ నలుబది ఏడేళ్ల వయస్సులో, 2021 మార్చిలో పాక్ జలసంధిని ఈదింది. అక్కడి నీరు వెచ్చనే, కాని దూరం సామాన్యమైనది కాదు. ఆమె ఈత మొదలుపెట్టినది నడివయస్సులోనే అన్న సంగతి మన ఇళ్లలోని స్త్రీలు గమనించదగినది.

ఇక నన్ను చాలాకాలంగా కలతపెట్టే విషయానికి వస్తాను. మనకు స్నానం మిగిలింది, ఈత పోయింది.

మెట్టఊళ్లలో ప్రతి పొలానికీ కాకపోయినా, ప్రతి పొలిమేరలోనూ ఒక మోటబావి, ఒక దిగుడుబావి ఉండేవి. వేసవి వచ్చిందంటే పిల్లల నివాసం అక్కడే. వీపుకు సొరబుర్రో జీలుగుబెండ్లో కట్టి, నడుముకు తాడు బిగించి, మేనమామో పాలేరో నీటిలోకి వదిలేవాడు. వదిలేటప్పుడు ఏడ్చినవాడే పదోనాడు బెండు విప్పి గట్టుమీదినుంచి దూకేవాడు. మా పల్లెలో ఒక పెద్దాయన బావి మెట్లమీద కూర్చొని పిల్లలకు చెప్పే పాఠం ఒక్కటే ఉండేది: నీళ్లతో పోట్లాడకురా, నిన్ను మోస్తానంటున్నది మొయ్యనియ్యి. ఏళ్లు గడిచిన తరువాత శరణాగతిని గురించి పండితులు ప్రసంగించగా విన్నాను. ఆ మెట్లమీద విన్నదే వ్యాఖ్యానంతో సహా విన్నట్లనిపించింది.

1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన నాగార్జునసాగరం నుంచి 1967లో కుడికాలువకు నీరు వదిలినారు. పల్నాడు, ఒంగోలు మెట్టలకు బ్రతుకు వచ్చినది. అందులో సందేహం లేదు. ఆ వెనుక బోరులు వచ్చినవి. మోటబావులు పాడుపడి, కొన్ని పూడిపోయి, కొన్ని చెత్తకుండీలైనవి. ఆరంగుళాల బోరుగొట్టంలో ఈదేదెవరు? కాలువ ఉన్నది గదా అనవచ్చును. బావినీరు నిలిచి ఉండేది. కాలువనీరు పోతూ ఉండేది. సిమెంటు పూసిన వాలుగట్టు తడిస్తే పాచిపట్టి జారుతుంది. పట్టుకొందామంటే గడ్డిపోచ ఉండదు. ఈత వచ్చినవాడికే కష్టం. రానివాడు సెలవునాడు స్నేహితులతో సరదాగా దిగితే ఏమవుతుందో పత్రికలలో ప్రతి వేసవిలోనూ చదువుతున్నాము. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో నీట మునిగి మరణించినవారు 35 వేలకు మించినారని నేరనమోదు సంస్థ లెక్క.

2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారంనాడు, విజయవాడకు ఎగువన కృష్ణలో పవిత్రసంగమం దగ్గర పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా మరణించినారు. వారిలో ఎక్కువమంది ఒంగోలునుంచి వచ్చినవారు. నదికి హారతి ఇస్తుంటే చూద్దామని బయలుదేరినవారు. తప్పు ఎవరిది, పడవకు అనుమతి ఉన్నదా లేదా అన్న విచారణలు వేరు. నా మనస్సులో మిగిలిన మాట ఒక్కటే. తరతరాలుగా నదిని తల్లీ అని పిలిచిన మనం, ఆ తల్లి ఒడిలో క్షణకాలం తేలి ఉండడం బిడ్డలకు నేర్పకుండా వదిలివేసినాము. పుష్కరాలకు గజ ఈతగాళ్లను రేవురేవునా నిలబెడతాము. 2016 ఆగస్టులో పన్నెండు రోజులూ నిలబెట్టినాము. 2028లో వచ్చే కృష్ణా పుష్కరాలకు కూడా నిలబెడతాము. నడుములోతు దాటవద్దని తాళ్లు కడతాము. అది చేయవలసిన పనే. అయితే అందరికీ భయమైన నీటిని కొద్దిమంది కాపలా కాయగా, ఒడ్డున మూడు మునకలు వేసి బయటపడడం భక్తి అయితే కావచ్చును, అవగాహన మాత్రం కాదు.

స్త్రీల విషయంలో ఇది మరీ బాధాకరం. నెల్లాళ్లూ వేకువనే లేచి చన్నీట మునిగేది వారే. ఈత రానిది కూడా వారికే. మోటబావి దగ్గర తాడు కట్టి వదిలినది మగపిల్లలను. ఆడపిల్ల గట్టుమీద బట్టలకు కాపలా. ఆ పాత బావులను తలచుకొని నిట్టూర్చేవారు ఈ సంగతి కూడా తలచుకోవాలి. ఇప్పుడు పట్టణాలలో ఈతకొలనులు వచ్చినవి, స్త్రీలకు ప్రత్యేకంగా వేళలు కేటాయిస్తున్న చోట్లు ఉన్నవి. మందునీళ్ల వాసన, నీలిరంగు గచ్చు, ఈలవేసే శిక్షకుడు: ఇందులో ఆధ్యాత్మికత ఎక్కడిదని మొగం చిట్లించేవారున్నారు. పోలికి నూతిగట్టు సరిపోయింది గదా!

సముద్రానికి వెళ్లేవారికి ఒక మాట చెప్పి ముగిస్తాను. కార్తిక పౌర్ణమికి సూర్యలంక, వాడరేవు తీరాలు ఇసుక వేస్తే రాలనంత జనంతో నిండుతవి. అలలు విరిగి ఒడ్డుకు వచ్చిన నీరు ఏదో ఒక పాయగా మళ్లీ లోపలికి పోవాలి. ఆ పాయ ఉన్నచోట అలలు తక్కువగా విరుగుతవి. చూడడానికి నీరు శాంతంగా ఉంటుంది. పిల్లలను తీసుకొని అందరూ దిగేది అక్కడే, ప్రమాదమున్నది కూడా అక్కడే. అది మనిషిని లోపలికి లాగుతుంది గాని అడుగుకు లాగదు. ఎదురీది ఒడ్డు చేరబోయినవాడు అలిసి మునుగుతాడు. వెల్లకిలా తేలుతూ సాయం కోసం చేయి ఊపినవాడో, ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం ఈది పాయనుంచి తప్పుకొన్నవాడో బ్రతుకుతాడు. దిగకముందు కొంతసేపు ఒడ్డున కూర్చొని, అలలు ఎక్కడ విరుగుతున్నవో, ఎక్కడ విరగడంలేదో చూడండి. సంకల్పం చెప్పుకోవడానికి కూడా అది మంచి సమయమే.

ఈత నేర్పేవారు మొదట నేర్పేది చేతులు ఆడించడం కాదు, వెల్లకిలా తేలడం. చెవులు నీటిలో మునగగానే గట్టుమీది కేకలన్నీ ఆగిపోయి, తన ఊపిరి ఒక్కటే తనకు వినబడుతుంది. పెద్దవారికైనా అది నేర్చుకోవడానికి పది పదిహేను రోజులు చాలునంటారు. వేసవి సెలవులు ముగిసినప్పటినుంచి దీపావళి మరునాటివరకు నాలుగైదు నెలల వ్యవధి ఉన్నది.